దురద ఎక్కడిది?

గోకాలనిపించే బాధే దురద. 1660లో జర్మన్ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ ఇచ్చిన ఈ నిర్వచనాన్ని మించింది నేటికీ రాలేదు. నొప్పి పుడితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం, దురద పుడితే చెయ్యి అక్కడికే పోతుంది. పాకే పురుగునో గుచ్చుకున్న నూగునో దులిపెయ్యడానికి ఒళ్ళు చేసుకున్న ఏర్పాటది. పురుగూ నూగూ లేకుండానే అది ఆరు వారాలు దాటి సాగితే వైద్యులు దీర్ఘకాలిక దురద అంటారు. మనిషికి దిగులు అంతకంటే ముందే మొదలవుతుంది. పైకి ఏమీ కనబడదు, లోపల ఏముందోనని నిద్ర పట్టదు.

ఎన్టీఆర్ జిల్లా విస్సన్నపేట ప్రాంతంలో ఈ దిగులుకు జవాబు చాలాసార్లు తోటలోనో గట్టుమీదో దొరుకుతుంది. నూజివీడు నుంచి తిరువూరు వైపు వచ్చే దారంతా మామిడి తోటలే. కాయ కోసినప్పుడు తొడిమ దగ్గర చిమ్మే సొన ముంజేతుల మీద, మెడ మీద, మొహం మీద పడుతుంది. మామిడిదీ జీడిమామిడిదీ ఒకే కుటుంబం. ఆ సొనలోని కొన్ని పదార్థాలు పడనివాళ్ళకు చర్మం ఎర్రబడి, పొక్కులు లేచి, విపరీతంగా దురద పెడుతుంది. చిక్కేమిటంటే అది వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. ఆదివారం కాయ కోసిన మనిషి మంగళవారం గోక్కుంటూ ముందు రాత్రి తిన్న వంకాయ కూరను అనుమానిస్తాడు. పాపం, వంకాయ మీద పడిన నిందల్లో చాలా భాగం ఇలాంటివే.

వయ్యారిభామ మరీ మోసకారి. 1950ల నడుమ పుణె దగ్గర కనబడిన ఈ కలుపు ఇప్పుడు దేశమంతా ఉంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఎండిన మొక్క పొడి, పుప్పొడి గాలిలో వచ్చి కనురెప్పల మీద, మెడ చుట్టూ, మోచేతి మడతల్లో దురద పుట్టిస్తాయి. ఊరు మారితే తగ్గి, తిరిగొస్తే మొదలయ్యే దురదకు ముందుగా చూడాల్సింది ఇంటి వెనక ఖాళీ స్థలాన్ని.

దూలగొండి సంగతి ఇంకా లోతైనది. కాయమీది నూగు తగిలితే ఎంత దురదో పల్లెలో పిల్లలందరికీ తెలుసు. ఆ నూగులో మ్యూకునైన్ అనే ఎంజైము ఉంది. అది దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం జోలికి పోకుండా, వేరే నరాల దారిలో దురదను మెదడుకు చేరవేస్తుంది. సెట్రిజిన్ లాంటి మాత్రలు హిస్టమిన్ దారినే మూయగలవు. దద్దుర్లకు అవి బాగా పనిచేస్తాయి. పొడిబారిన చర్మం దురద, మూత్రపిండాల జబ్బు దురద ఎక్కువగా రెండో దారిన వస్తాయి గనుక అక్కడ అంతగా పనిచెయ్యవు. మాత్ర వేసుకున్నా తగ్గలేదు కాబట్టి ఇదేదో పెద్ద రోగమేనని బెంగపడనక్కర్లేదు. ఆ మాత్ర ఆ దురదకు మందు కాదు, అంతే.

ఇంట్లో ఒకరికి మించి గోక్కుంటుంటే, రాత్రిళ్ళు ఎక్కువవుతుంటే, వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులుంటే అది గజ్జి. దీనికి కారణమైన పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. మొదటిసారి సోకినవాళ్ళకు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే రాదు. అందుకే ఎవరి నుంచి అంటుకుందో తేలదు. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా పెర్మెత్రిన్ మందు పూసుకోవాలి, వారం పది రోజులకు మళ్ళీ పూసుకోవాలి. పురుగు చచ్చాక కూడా కొన్ని వారాలు దురద ఉంటుంది. మందు పనిచెయ్యలేదనుకుని రోజూ పూసుకుంటూ పోతే ఆ మందే చర్మాన్ని మండిస్తుంది.

తామర పైకి కనబడే జబ్బే అయినా ఇటీవల అది రూపం మార్చుకుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రెండు రోజుల్లో దురదను అణచి, లోపల శిలీంధ్రాన్ని పెరగనిస్తుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, వైద్యుడికి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. తెలియని దురదల్లో కొన్నింటిని ఆ ట్యూబే తెలియనివిగా చేసింది.

అరవై దాటినవాళ్ళలో కారణం తరచు చర్మంలో తడి తగ్గడమే. మరిగే నీళ్ళు, ఎక్కువ సబ్బు, బోరు ఉప్పునీళ్ళు దాన్ని పెంచుతాయి. గోరువెచ్చని నీళ్ళతో స్నానం ముగించి, ఒళ్ళు చెమ్మగా ఉండగానే కొబ్బరినూనె రాయడం చిన్న వైద్యమే. పది రోజులు తప్పకుండా చేస్తే తేడా తెలుస్తుంది.

ఇక లోపలి జబ్బుల భయం. విస్సన్నపేటలో ఈ భయానికి పేరుంది. పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళుగా మనుషుల్ని తీసుకుపోతోంది. తండాలకు కృష్ణా నీళ్ళు ఇవ్వాలన్న కోరిక ఆ చావుల మధ్య పుట్టిందే. అక్కడ దురద పుట్టగానే కిడ్నీ గుర్తుకు రావడం తప్పు కాదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలో పదిమందిలో నలుగురి దాకా చెప్పుకోదగ్గ దురదతో బాధపడతారు. అయితే ఆ దురద జబ్బు ముదిరాక వచ్చేది, తొలిదశలో హెచ్చరికగా వచ్చేది కాదు. దురద ఉన్నంత మాత్రాన కిడ్నీలు పోయినట్టు కాదు, లేనంత మాత్రాన బాగున్నట్టూ కాదు. ఆ తండాల్లో ఉండేవాళ్ళు దురదతో పని లేకుండా సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవడమే సరైనది.

కాలేయం, థైరాయిడ్, ఐరన్ లోపం కూడా దురదకు కారణం కావచ్చు. నెలలు నిండే గర్భిణికి అరచేతుల్లో, అరికాళ్ళలో రాత్రిపూట దురద పుడితే అది ఉబ్బరమో ఉక్కపోతో అనుకుని ఊరుకోకూడదు. అది కాలేయంలో పైత్యరసం నిలిచిపోవడం కావచ్చు, బిడ్డకు ప్రమాదం. బరువు తగ్గడం, జ్వరం, రాత్రి చెమటలు, మెడలో బిళ్ళలు దురదకు తోడైతే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కుష్ఠు అనే భయం మాత్రం ఇక్కడ సాధారణంగా తప్పు దారి. ఆ మచ్చ దురద పెట్టదు, స్పర్శ తెలియదు.

అన్ని పరీక్షలూ బాగున్నా దురద పోనివాళ్ళు కొందరుంటారు. దద్దుర్లు ఆరు వారాలకు మించి వస్తున్నవాళ్ళలో చాలామందికి బయటి కారణమేదీ దొరకదు, అయినా ఆ దురద మందుకు లొంగుతుంది. రాత్రి చర్మం వేడెక్కుతుంది, మనసుకు వేరే పని ఉండదు, దురద పెరుగుతుంది. గోకిన చోట చర్మం మందమై ఇంకా దురద పెడుతుంది. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుని, గోకే బదులు తడిగుడ్డ వేసుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని చేశాక మొదలైందో ఒక కాగితం మీద రాసుకుని, వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ఆయన ముందుగా అడిగేవి అవే.