మా ఇంట్లో ఏదీ మోగదు

మా ఇంటికి కాలింగ్ బెల్ లేదు. వచ్చినవాళ్ళు తలుపు మీద వేలితో మెల్లగా తడతారు. తెలియనివాళ్ళు గట్టిగా బాదకుండా మావారు గేటుకి చిన్న బోర్డు కట్టారు. కుక్కర్ మానేసి ఆరేళ్ళు దాటింది. ఫోన్లన్నీ మ్యూట్‌లోనే ఉంటాయి. మొదట్లో బంధువులు చాదస్తం అనుకున్నారు. నాకున్నది లాంగ్ క్యూటీ సిండ్రోమ్, అందులో రెండో రకం. ఆదమరిచి ఉన్నప్పుడు హఠాత్తుగా వినిపించే మోత నా గుండెను ఆపెయ్యగలదు.

2003లో పాప పుట్టింది. బాలింతగా కోనసీమలో పుట్టింట్లో ఉన్నాను. అయిదో వారం అనుకుంటా. రాత్రి పదకొండింటికి, గాఢనిద్రలో ఉండగా, హాల్లో ల్యాండ్‌లైన్ మోగింది. దుబాయ్‌లో డ్యూటీ దిగి తమ్ముడు చేశాడట. ఆ మోత చెవిన పడడం వరకే నాకు గుర్తు. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. కుడిచేతిలో బీరువా తాళాలగుత్తి. ఎంత గట్టిగా అదిమి పట్టారో, తాళంచెవి పళ్ళు అరచేతిలో అచ్చు పడ్డాయి. ముక్కు దగ్గర కోసిన ఉల్లిపాయ. చీర తడిసిపోయింది. మంచం మీద పాప గుక్కపట్టి ఏడుస్తోంది, ఎత్తుకునేవాళ్ళు లేరు, అందరూ నా చుట్టే ఉన్నారు. "మూర్ఛే, ఇంకేం లేదు" అంది పెద్దమ్మ.

అక్కణ్ణుంచి ఆరేళ్ళు ఫిట్స్ మాత్రలు మింగాను. తలకు స్కానింగ్ తీశారు, మెదడు పరీక్షలు చేశారు, ఏమీ కనిపించలేదు. కనిపించకపోయినా మాత్రలు ఆపలేదు. చిగుళ్ళు వాచి పళ్ళ మీదికి వచ్చేశాయి. ఈలోపు ఇంకో మూడుసార్లు పడ్డాను. గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందకపోయినా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి, చూసేవాళ్ళకు అచ్చం మూర్ఛలాగే ఉంటుంది. ఆ తేడా తేల్చడానికి మొదట తియ్యాల్సింది ఒక్క ఈసీజీ. చిన్న చిన్న ఊళ్ళలో కూడా తీస్తారు, పది నిమిషాలు పట్టదు. ఆరేళ్ళలో నాకు ఒక్కళ్ళు కూడా తియ్యలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

2009లో జ్వరంతో ఆస్పత్రిలో చేరినప్పుడు రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ తీసింది. కాగితం చూసి, స్కేలు పెట్టి కొలిచి, మళ్ళీ తీయించి మళ్ళీ కొలిచింది. మంచం అంచున కూర్చుని నా చెయ్యి పట్టుకుని అడిగింది: "అమ్మా, మీ ఇంట్లో చిన్నవయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళెవరైనా ఉన్నారా?"

మా చెల్లి ఉంది. 1998 మార్చిలో, ఇంటర్ పరీక్షల రోజుల్లో, తెల్లవారుజామున నాలుగింటికి పోయింది. పక్క మంచం మీద నేనున్నాను. అలారం మోగింది. అది లేచి కూర్చుని, ఆపడానికి చెయ్యి చాపి, అలాగే పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ నిద్రపోయిందనుకుని గడియారం నేనే ఆపి, అటు తిరిగి పడుకున్నాను. ఎర్రరంగు కీ గడియారం, వెనకాల చిన్న గంట. చదువుకోవడానికి లేవాలని అడిగితే అమలాపురంలో నేనే కొనిచ్చాను. ఊళ్ళో గాలి సోకిందన్నారు. పోస్టుమార్టం చేయించలేదు. చేయించినా ఏమీ దొరికేది కాదట, ఈ జబ్బులో గుండె చూడ్డానికి బాగానే ఉంటుంది.

డాక్టరు చెప్పింది నాకు మా చేలో మోటారులాగా అర్థమైంది. మోటారు బాగానే ఉంది, కరెంటుతోనే పేచీ. కొట్టుకున్న ప్రతిసారీ గుండె కణాలు మళ్ళీ కరెంటు నింపుకుని తర్వాతి దెబ్బకి సిద్ధపడాలి. నాకు ఆ నింపుకోవడం ఆలస్యం. ఆ వ్యవధిని ఈసీజీలో క్యూటీ అంటారు. ఆడవాళ్ళలో 460 మిల్లీసెకన్ల వరకు ఫరవాలేదు, నాకు 520 ఉంది. అది పూర్తయ్యేలోగా ఉలికిపాటు వచ్చి పడితే లయ తాడులా మెలిపడుతుంది, రక్తం తోడడం ఆగిపోతుంది. దీన్ని గుండెపోటు అంటుంటే నాకు బాధ. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది. నా నాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయి. సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుందట, తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, ప్రతి బిడ్డకూ సగం అవకాశం.

ఇంట్లో అందరికీ ఈసీజీలు తీశారు. తమ్ముడికి లేదు. అమ్మకి ఉంది. జన్మలో ఒక్కసారి కూడా కళ్ళు తిరగని మా అమ్మకి. అమ్మ ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. "దానికి నేనే ఇచ్చానా అమ్మాయీ?" అంది. కాదమ్మా అన్నాను. కాదనడం తప్ప ఏం చెయ్యను? ఆ తర్వాత పాపకు తీశారు. ఆరేళ్ళ పిల్ల, తీగలు తగులుతుంటే చక్కిలిగింతలని నవ్వింది. దానికీ ఉంది. ఆ రాత్రి అమ్మ అడిగిన మాటే నేను గోడవైపు తిరిగి నన్ను నేను అడుక్కున్నాను.

రోజూ ప్రొప్రనొలాల్ వేసుకోవాలి, ఒక్క పూట తప్పకూడదు. పర్సులో ఒక చీటీ ఉంటుంది, నేను వేసుకోకూడని మందుల జాబితా. మడతల దగ్గర చిరిగితే మళ్ళీ రాస్తాను. చాలావరకు మందులషాపులో అడగ్గానే ఇచ్చే మాత్రలే. 2014 ఎండాకాలంలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మావారు ఊళ్ళో లేరు. నీరసంతో చీటీ సంగతే మర్చిపోయి, షాపులో ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్ వేసుకున్నాను. రెండూ ఆ చీటీలో ఉన్నవే. పైగా విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోయింది. సాయంత్రం కాలవగట్టు మీద పడిపోయాను. పక్కింటి కుర్రాడు, నర్సింగ్ చదువుతున్నవాడు, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ నొప్పి నెలరోజులుంది. అది నా ప్రాణం ఖరీదు, ఎక్కువేం కాదు.

అప్పుడే ఐసీడీ పెట్టారు. ఎడమ మెడఎముక కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత యంత్రం. తీగ నరంలోంచి గుండెలోకి వెళ్తుంది. లయ చెదిరితే కనిపెట్టి షాక్ ఇస్తుంది. తన గురువు గుండె లయ చెదిరి చనిపోయాక మిరోవ్‌స్కీ అనే డాక్టరు పట్టుబట్టి దీన్ని తయారుచేశాడట. 1980లో అమెరికాలో మొదటిసారి మనిషికి అమర్చారు. చదివినప్పుడు చెల్లి గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. కొన్ని వారాలు ఎడమచెయ్యి భుజం పైకి ఎత్తకూడదన్నారు. అన్నాళ్ళూ అత్తయ్యగారే నాకు జడ వేశారు. పెళ్ళయిన కొత్తలో కూడా నా తల ముట్టుకోని మనిషి, చిక్కు తీస్తూ, "నొప్పి పుడితే చెప్పు తల్లీ" అనేవారు.

2019లో ఒక మధ్యాహ్నం వంటింట్లో పీట మీద కూర్చుని కునుకు తీస్తున్నాను. పొయ్యి మీద కుక్కర్ ఒక్కసారిగా కూసింది. కళ్ళ ముందు నల్లగా కమ్మింది. అంతలోనే ఛాతీ లోపల్నుంచి సమ్మెటతో మోదినట్టయి, ఒళ్ళంతా ఎగిరి, పీట మీంచి కింద పడ్డాను. అరిచానట. మావారు పరుగున వచ్చేసరికి నాకు తెలివి ఉంది, పప్పు మాడుతున్న వాసన తెలుస్తోంది. "పొయ్యి కట్టెయ్యండి" అన్నాను. యంత్రం తన పని తాను చేసింది. కానీ తర్వాత రెండు నెలలు వంటింట్లో ఆ మూలకి వెళ్ళలేకపోయాను. చావు గురించి కాదు, ఆ దెబ్బ మళ్ళీ తగులుతుందేమోనని భయం. ఆ భయం గురించి ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పాలి. యంత్రం పెట్టాక ఇక గండం గడిచిందని అందరూ అంటారు, పేషెంటుకి మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

పాప ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. దానికి యంత్రం లేదు, మాత్రలతో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పడిపోలేదు. దాని గదిలో ఉండే ఇద్దరమ్మాయిలూ సీపీఆర్ నేర్చుకున్నారు: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, రెండంగుళాల లోతు. అలారం పెట్టుకోదు. వాళ్ళలో ఒకమ్మాయి కిటికీ తెర తీసి, వెలుతురు పడ్డాక పాదం మీద చెయ్యి వేసి లేపుతుంది.

దానికి నేనెప్పుడూ ఫోన్ చెయ్యను. అదే చెయ్యాలి నాకు. పొద్దున్నే అయిదున్నరకి నేను లేచి కాఫీ కలుపుకుని, ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టుకుని కూర్చుంటాను. నాదీ మోగదు కాబట్టి చూస్తూ ఉండాలి. ఏడుకి అటూ ఇటూ తెర వెలుగుతుంది. "లేచానమ్మా" అని ఉంటుంది. అప్పుడు కాఫీ తాగుతాను. అప్పటికది ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది.