పంపు పోయిందండీ

పాత డీజిల్ కారున్నవాడు ఏదో ఒక రోజు మెకానిక్ నోట ఈ మాట వినక తప్పదు. ఆ గొంతులో సానుభూతి ఎంత ఉంటుందో ఉత్సాహమూ అంతే ఉంటుంది. డీజిల్‌ని ఒత్తిడితో ఇంజన్‌లోకి కొట్టే పంపు, బండిలో ఖరీదైన ముక్కల్లో అదొకటి మరి. ఖరీదైనది కాబట్టే నేరం ముందు దాని మీదకు పోతుందని నా అనుమానం. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే పంపు, పికప్ రాకపోతే పంపు, ఐడిలింగ్‌లో ఇంజన్ ఊగిసలాడితే పంపు.

చాలాసార్లు అసలు దోషి ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం. ఎండకు బీటలు వారి ఉంటుంది. అందులోంచి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. పంపుకి ముందు ఓ మూరెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తగిలించి ఇంజన్ నడిపిస్తే బుడగలు కంటికే కనబడతాయి. పది నిమిషాల పని. ఈ పరీక్ష చెయ్యకుండా పంపు విప్పుతానన్న మేస్త్రీకి బండి తాళం ఇవ్వకూడదు.

అయితే పంపు నిజంగా పోవడమూ ఉంది. దాని లక్షణం వేరు. తెల్లారగట్ల ఒక్క సెల్ఫ్‌కే లేచిన బండి, సూర్యాపేటలో టిఫినుకి ఆగి మళ్లీ తాళం తిప్పితే మొరాయిస్తుంది. స్టార్టర్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. అప్పుడు పాత డ్రైవర్లు చేసే వైద్యం ఒకటుంది. బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు తల మీద కప్పి, పైన చల్లటి నీళ్లు పోస్తారు. కాసేపటికి బండి లేస్తుంది. చూసేవాళ్లకి ఇది మంత్రంలా ఉంటుంది గానీ కారణం తేలికే. పంపు లోపల ప్లంజరుకీ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం అంతకు ఇరవై ముప్పై రెట్లు. ఆ సందు అరిగి పెరిగిందంటే, వేడికి పల్చబడ్డ డీజిల్ అందులోంచి వెనక్కి జారిపోతుంది. సెల్ఫ్ తిప్పే నెమ్మది వేగానికి నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు. ఆ ఒత్తిడి వంద బార్‌లకు పైమాటే. కారు టైరులో ఉండేది రెండు బార్‌ల చిల్లర. నీళ్లు పడితే డీజిల్ చిక్కబడుతుంది, లోహం కాస్త ముడుచుకుంటుంది, అంతే. ఇంజన్ నడుస్తుండగా మాత్రం ఈ వైద్యం చెయ్యకూడదు. తిరిగే భాగం పట్టేస్తుంది.

నీళ్లు పోస్తే లేచే బండికి పంపు పని పడ్డట్టే.

ఈ రోటరీ పంపుకి వేరే ఆయిల్ లేదు. డీజిలే దానికి తిండీ, నూనే. నాలుగు సిలిండర్లకూ ఒకే ప్లంజర్. ఐడిలింగ్‌లో నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్ కోసం అది 1600 సార్లు కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ ఒకటి రెండు ఆవగింజలంత డీజిల్, వంతు తప్పకుండా అందించాలి. అలాంటి దానిలోకి కిరోసిన్ కలిసిన డీజిల్ పోస్తే జిగురు లేక గీతలు పడతాయి. నీళ్లు పోతే తుప్పు. గంధకం సంగతీ చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్ 6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10కి మించదు. ఊపిరితిత్తులకు మేలే. కానీ గంధకాన్ని తీసే ప్రక్రియలో డీజిల్‌కి సహజంగా ఉన్న జారుడుగుణమూ కొంత పోతుంది. రిఫైనరీలు దాన్ని మళ్లీ విడిగా కలుపుతాయి.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇంజన్ నడిపి చూపించినప్పుడు ఇలాంటి పంపు లేదు. ఇంధనాన్ని కంప్రెసర్ గాలితో ఊదేవాడు. ఆ కంప్రెసర్ బరువుతో కారు ఊసే లేదు. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ పంపుల తయారీ మొదలుపెట్టాకే దారి తెరుచుకుంది. 1936లో మెర్సిడెస్ 260 డి రోడ్డెక్కింది. మన దగ్గర బెంగళూరులో ఈ పంపులు చేసిన మైకో కంపెనీ పుణ్యమా అని, ఎవరు చేసినదైనా జనం నోట అది మైకో పంపే.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పంపు షాపు మిగతా గ్యారేజీలకు భిన్నంగా ఉంటుంది. బయట గ్రీజు, సుత్తి దెబ్బలు. లోపల అద్దాల గది, అందులో టెస్ట్ బెంచి, వరసగా కొలగాజులు. లెక్కపెట్టిన స్ట్రోకులకు ఒక్కో గాజులో ఎంత డీజిల్ పడిందో చూస్తారు. నాలుగూ సమంగా పడేదాకా పంపు బయటికి రాదు. "ఇంకొంచెం పెంచు భాయ్, లాగాలి" అని టాక్సీ డ్రైవర్లు బతిమాలుతుంటారు. పెంచితే బండి లాగే మాట నిజమే. వెనకాల నల్లపొగ చూసిన వాళ్ల దీవెనలూ దక్కుతాయి.

బిగించడంలో కీలకం టైమింగ్. ఒకటో సిలిండర్ పైకొచ్చిన చోట ఇంజన్ నిలిపి, పంపు తలలో నడిమి బోల్టు తీసి డయల్ గేజ్ పెట్టి, ప్లంజర్ ఎంత లేచిందో కంపెనీ చెప్పిన కొలతకు సరిచూడాలి. సుమారు ఒక మిల్లీమీటరు వ్యవహారం. ముందుకు జరిగితే ఇంజన్ ఇనుప సుత్తిలా కొడుతుంది, వెనక్కి జరిగితే తెల్లపొగ. చెవితోనే పెట్టేస్తామనే మేస్త్రీలున్నారు. వాళ్ల చెవిని నేను కాదనను గానీ గేజ్ ఉన్నవాడి దగ్గరికే వెళ్తాను.

ఆఖరికి ఎయిర్ తియ్యడం. నాజిళ్ల దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే ముందు నురగ, తర్వాత డీజిల్. ఒక్కొక్కటే బిగిస్తుంటే ఇంజన్ కుంటుతూ, దగ్గుతూ నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. చెయ్యి దగ్గర పెట్టకూడదు. ఆ ధార చర్మంలోకి దూరితే పైకి చిన్న గాయంలా కనబడినా వెంటనే సర్జన్ దగ్గరికి పరిగెత్తాలి.

"పాత పంపు ఇక్కడే వదిలెయ్యండి సార్, ఐదొందలు తగ్గిస్తా" అంటాడు మేస్త్రీ. వదలొద్దంటాను నేను. తల అరిగినా బాడీ, గవర్నర్ బరువులు, క్యామ్ ప్లేటు బాగానే ఉండొచ్చు. ఆ మోడల్ సామాను దొరకని రోజున వాటి ధర ఐదొందలు కాదు. లోపల కాస్త డీజిల్ పోసి, నోళ్లకు మూతలు పెట్టి, గోనెసంచిలో చుట్టి దాచుకోవచ్చు. అటక మీద చోటు సంగతి మాత్రం ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాలి.