వారంటీ కాగితము

వాహనము కొనువారికి సలహాలు చెప్పువారు మన ఊరిలో తక్కువ కాదు. రామచంద్రపురము బస్టాండు వద్ద ఒక టీ త్రాగునంతసేపు నిలబడినచో మైలేజీని గురించి, రంగును గురించి, పండుగ తగ్గింపులను గురించి వలసినంత విజ్ఞానము ఉచితముగా లభించును. ఎనిమిదేళ్ళ తరువాత ఆ బండి ఏ స్థితిలో ఉండునో, అప్పుడు దానిని ఎవరైనా కొందురో కొనరో చెప్పువారు మాత్రము అరుదు. ఇటీవల మేము నాన్నగారికి క్రొత్త స్కూటరు కొనవలసి వచ్చినప్పుడు ఈ సంగతి మాకు బాగుగా తెలిసి వచ్చినది.

నాన్నగారు బట్టల మూటలతో పల్లెలు తిరిగి వ్యాపారము చేయుదురు. ద్రాక్షారామము, వెల్ల, పామర్రు, కోటిపల్లి, మరల ఇల్లు. రోజుకు 60 కిలోమీటర్లకు తగ్గదు. వానకాలములో కాలువగట్ల వెంట నల్లరేగడి బురద చక్రమునకు, మడ్గార్డుకు నడుమ ముద్దగా అంటుకొని బండిని కదలనీయదు. ఆయన వద్ద ఉన్నది పాత చేతక్. 1996లో ఇంకొకరు వాడగా కొన్నది. ఉదయము దానిని ఒక ప్రక్కకు వంచి నిలిపి, ఆ తరువాత కిక్కు కొట్టినగాని అంటుకొనదు. ఆ దృశ్యము చూడని ఇల్లు ఒకప్పుడు మన జిల్లాలో ఉండి ఉండదు.

ఆ చేతక్ చరిత్ర ఇప్పటి విద్యార్థులకు వింతగా తోచవచ్చును. 1972లో అది బజారులోకి వచ్చినది. డబ్బు కట్టి పేరు వ్రాయించుకొన్నవారు ఏళ్ళ తరబడి వేచి యుండెడివారు. వాడిన బండి క్రొత్తదాని కంటె ఎక్కువ ధర పలికిన రోజులవి. ఆనాడు వారంటీ సంగతి అడిగినవారు ఎవరు? బండి దొరకుటే భాగ్యము. అయినను ఆ బండికి విలువ నిలిచినది. ప్రతి సెంటరులోను దానిని విప్పి బిగింపగల మేస్త్రీ ఉండెను, ప్రతి కొట్టులోను దాని సామాను దొరికెను. మన హైదరాబాదు ఆల్విన్ వారు కూడ పుష్పక్ అను స్కూటరును తయారు చేసిరి. పేరూ మనదే, ఊరూ మనదే. కాని తయారీ ఆగిన పిమ్మట సామాను కరవై, అవి పేరుకు తగినట్లుగానే కంటికి కనబడకుండ పోయినవి.

ఇంతకు మా ఇంటి కథకు వత్తును. 2022లో మా పెద్దన్నయ్య ఒక విద్యుత్ స్కూటరు కొనెను. సంస్థ పేరు ఇక్కడ అనవసరము. ధర తక్కువ, పెట్రోలు ఖర్చు లేదు, పైగా బ్యాటరీకి 3 సంవత్సరముల వారంటీ అని ముద్ర వేసిన కాగితము చేతికిచ్చిరి. 14వ నెలలో, సరిగా ముసురు పట్టిన రోజున, బ్యాటరీ నిలిచిపోయినది. అన్నయ్య కాగితము పట్టుకొని వెళ్ళెను. దుకాణము లేదు. ఆ గదిలో అప్పటికే చెప్పుల కొట్టు పెట్టి యున్నారు. కాకినాడలో ఉన్నదనిన సర్వీసు కేంద్రము ఫోను మ్రోగుటయే గాని ఎత్తువారు లేరు. 1915 నంబరుకు చెప్పుకొని, జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేసెను. 2019 నాటి చట్టము ప్రకారము, కొన్నచోటనే గాక మనము నివసించుచోటను ఫిర్యాదు చేయవచ్చును. అయితే కారణము ఏర్పడిన రెండేళ్ళలోగా చేయవలెను. ఈ మాట చదువరులు గుర్తుంచుకొనదగినది. ఫిర్యాదు నడచుచున్నది. స్కూటరు నడచుటలేదు.

అందుచేత ఈ పర్యాయము నాన్నగారే స్వయముగా బయలుదేరిరి. మా ఇంటిలో వడ్డీ అప్పు నిషిద్ధము. కొన్నచో పూర్తి సొమ్ము ఒక్కసారే చెల్లింపవలెను. పొరపాటు జరిగినచో మరల కొనుటకు చేతిలో ఏమియు ఉండదు. దాచిన మొత్తము 85,000. ఒక బండి సరిగా ఆ ధరకే వచ్చుచున్నది. రెండవది లక్ష. మొదటిదే చాలునని మేమందరము అంటిమి.

నాన్నగారు రెండు దుకాణములలోను ధర అడుగలేదు. ఐదేళ్ళు వాడిన ఇదే బండి ఇప్పుడు ఎంతకు పోవుచున్నదని అడిగిరి. తరువాత మేస్త్రీల వద్దకు పోయి, బ్రేకు షూల వెల ఎంత, సామాను ఊరిలోనే దొరకునా, కాకినాడ నుండి రావలెనా అని విచారించిరి. ఆ రాత్రి చీరెల పెట్టె అట్టముక్క మీద లెక్క వేసిరి. లక్ష పెట్టి కొన్నది ఎనిమిదేళ్ళకు 25,000కు అమ్ముడుపోయినచో మనకు పడినది 75,000, అనగా ఏడాదికి 9,375. 85,000 బండిని అప్పటికి 5,000కు మించి అడుగువారు లేనిచో పడినది 80,000, అనగా ఏడాదికి 10,000. "బేటా, ఏది చవక?" అని అట్టముక్కను మా ముందు పెట్టిరి. డిగ్రీ చదివిన మేము ముగ్గురము దానినే చూచుచు కూర్చుంటిమి.

ఆపైన వారంటీ పుస్తకము. దానిని మాచేత పైకి చదివించిరి. 5 సంవత్సరములు లేక 50,000 కిలోమీటర్లు, ఏది ముందు వచ్చిన అది. నాన్నగారు ఏడాదికి 300 రోజులు తిరిగినచో 18,000 కిలోమీటర్లు. అనగా ఆ ఐదేళ్ళ వారంటీ ఆయనకు రెండేళ్ళ తొమ్మిది నెలలకే తీరిపోవును. ఇంటి నుండి కళాశాలకు పోయి వచ్చువానికి ఐదేళ్ళు ఐదేళ్ళే. ఒకే కాగితము ఇద్దరికి రెండు విధములుగా చెల్లును! బ్రేకు షూలు, బల్బులు, రబ్బరు వస్తువులు వంటి అరిగెడి సామానుకు అది వర్తింపదు. చెప్పిన కిలోమీటర్లకు వారి కేంద్రములోనే సర్వీసు చేయింపవలెను. ఒకటి తప్పినను పేచీ వచ్చును. చివరి పుటలో మిక్కిలి సన్నని అక్షరములతో, మితిమీరిన బరువు వేసినచో వారంటీ చెల్లదని ఉన్నది.

అది చదువగానే ఇంటిలో మాట ఆగినది. నాన్నగారి మూటలు మితిలో ఏనాడును లేవు.

విద్యుత్ బండి మీద నాన్నగారికి కోపము లేదు. కిలోమీటరుకు అయ్యెడి ఖర్చు దానికే తక్కువ అని ఆయనకును తెలియును. "బండి తయారు చేసినవాడు రేపు ఉండునా?" అన్నదే ఆయన ప్రశ్న. పెద్ద సంస్థలకును ఆ ప్రశ్న తప్పదు. జనరల్ మోటార్స్ వారు 2017 చివరికి మన దేశములో కార్ల విక్రయము ఆపిరి. ఫోర్డు వారు 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీ మానుచున్నట్లు ప్రకటించిరి. అంత దూరమెందుకు? మన ఊరి మీదుగా పోవు కాకినాడ–కోటిపల్లి రైలుమార్గమునే 1928లో వేసి, 1940లో యుద్ధము పేరిట పట్టాలు ఊడదీసుకొనిపోయిరి. అవి తిరిగి వచ్చునప్పటికి 2004 అయినది. పట్టాలకే పూచీ లేనిచోట స్కూటరు ఎంత!

చివరకు లక్ష రూపాయల బండినే కొన్నాము. తక్కువ పడిన 15,000 అమ్మ చెవి కమ్మలతో పూర్తి అయినది. ఆమె ఏమియు అనలేదు. అదే మాకు కష్టముగా తోచినది. నాన్నగారు తమ వ్యాపారమును బరువునకు తగినట్లు మార్చుకొనిరి. ఒకనాడు చీరెలు, మరునాడు దుప్పట్లు. రెండును కలిపి వేయుట మానిరి. అమ్మకము కొంత తగ్గినది. బండి కొన్న మొదటి నెలలో ఆ తగ్గుదలను ఆయన అట్టముక్క వెనుకవైపున వ్రాసికొనుట చూచితిమి.

మొదటి సర్వీసునకు మేమే తీసుకొని వెళ్ళితిమి. ముద్ర సరిగా పడలేదని నాన్నగారు మరల వేయించుకొని రమ్మనిరి. ఆ పుస్తకము ఇప్పుడు రేషను కార్డుతోను, ఇంటి పన్ను రసీదులతోను కలిసి ఒకే గుడ్డసంచిలో ఉన్నది. అన్నయ్య వారంటీ కాగితమును కూడ నాన్నగారు అందులోనే ఉంచిరి. పారవేయలేదు. ఆ బండి వరండాలో నిలిచి యున్నది. దాని సీటు క్రింది అరలో అమ్మ ఉల్లిపాయలు పోసినది.