ఆకు తెలుపు జబ్బు

మా హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి చల్లని గాలి, మనము రోజా అని పిలుచు గులాబికి మిక్కిలి అనుకూలము. ఫిబ్రవరి 14వ తేదీ ప్రేమికుల దినమునకు ఇక్కడి పూలు విదేశములకు సైతము పోవుచున్నవి. పూవును చూచి మురియువారు పెక్కుమంది. ఆకును తిరగవేసి చూచువారు కొద్దిమంది. కాని మొక్క జబ్బు తరచుగా ముందు కనబడునది ఆకుమీదనే.

మన భాషలో చీడ వేరు, తెగులు వేరు. పురుగులు, నల్లులు చేయు హాని చీడ. శిలీంధ్రము మొదలగు సూక్ష్మజీవుల వలన వచ్చునది తెగులు. ఈ భేదము తెలిసిన, ఏ మందు వలదో తెలియును.

మా పొరుగింటి అవ్వకు పెరటి రోజాలే జీవనాధారము. ఒక వేసవిలో వాని ఆకులు వెలవెలబోయి, సన్నని పసుపు చుక్కలతో నిండినవి. దుకాణమున కొన్న తెగులు మందు రెండుమార్లు చల్లినను గుణము కనబడలేదు. నేను ఆకు క్రింద తెల్లకాగితము పట్టి తట్టితిని. రాలిన ఎర్రని నలుసులు నడువసాగినవి! అవి ఎర్రనల్లులు. ఎనిమిది కాళ్ళు గల ఈ జీవి సాలెపురుగునకు చుట్టము. ఆకు అడుగున సన్నని దారములు అల్లి రసము పీల్చును. విచక్షణ లేక పురుగుమందు చల్లిన, నల్లులను తిను మేలుజీవులు చచ్చి, నల్లులే మరింత పెరుగును. కావున చెడిన ఆకులను ఏరివేసి, తక్కినవాని అడుగుభాగమును ప్రొద్దుటనే నీటితో కడుగుచు వచ్చితిమి. కొన్ని వారములకు కొత్త చివుళ్ళు శుభ్రముగా వచ్చినవి.

లేత ఆకులపై తెల్లని పొడి కనబడిన, అది బూడిద తెగులు. కృష్ణగిరి మామిడి రైతులు పూతపై ఇదే పేరుగల తెగులును ఎరుగుదురు. అచ్చటి శిలీంధ్రము మాత్రము వేరు. గుండ్రని నల్లమచ్చలు పడి ఆకు పసుపెక్కి రాలిన, అది నల్లమచ్చ తెగులు. ఇది సోకుటకు ఆకు సుమారు 7 గంటలైనను తడిగా నుండవలెను. అందువలన సాయంకాలము ఆకులు తడుపరాదు. ప్రొద్దుట మొదటికే నీరు పోయవలెను. రాలిన ఆకులను ఏరివేసి, మొక్కల నడుమ గాలి ఆడనీయవలెను.

విద్యార్థులారా! మందుసీసాపై ఏ భాష యున్నను, బూడిద, నల్లమచ్చ, ఎర్రనల్లి అను పేర్లు మన ఇంటి మాటలే. పెద్దలు దుకాణమునకు బయలుదేరుటకు ముందు, మీరొక తెల్లకాగితము తీసికొని పెరటిలోనికి పోయి చూడుడు.