ఇసుకలో సిగ్నల్: సరదా బ్యాచ్, సీరియస్ బ్యాచ్

బీచ్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లు రెండు రకాలు. ఒకళ్లు జనం ఉన్నప్పుడు వస్తారు. ఇంకొకళ్లు జనం వెళ్లిపోయాక వస్తారు. నేను మొదటి బ్యాచ్. వారమంతా కోడ్‌లో బగ్స్ వెతికి, ఆదివారం ఇసుకలో చిల్లర వెతుక్కునే బాపతు.

నేనుండేది ఫ్లోరిడాలోని ఆర్లాండోలో. అక్కడి నుంచి దాదాపు రెండు గంటలు డ్రైవ్ చేస్తే సెబాస్టియన్, వెరో బీచ్ వస్తాయి. ఈ తీరానికి ట్రెజర్ కోస్ట్ అని పేరు, అంటే నిధుల తీరం. ఇది టూరిజం వాళ్లు ఊరికే తగిలించిన పేరు కాదు. 1715 జులై 24న వెండి, బంగారం నింపుకుని స్పెయిన్ ఓడలు హవానా నుంచి బయల్దేరాయి. వారం తిరక్కుండానే, జులై 31 తెల్లవారుజామున, ఈ తీరం దగ్గర తుపానులో చిక్కుకున్నాయి. 11 ఓడలు పోయాయి. వాటితో కలిసి వెళ్తున్న ఒక్క ఫ్రెంచ్ ఓడ మాత్రం బయటపడింది. వెయ్యి మంది దాకా చనిపోయారు.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా జనం ఈ సంగతి దాదాపు మర్చిపోయారు. 1950ల్లో కిప్ వాగ్నర్ అనే బిల్డింగ్ కాంట్రాక్టర్‌కి ఇక్కడి బీచ్‌లో పాత వెండి నాణేలు కనిపించాయి. సైన్యం వాడి అమ్మేసిన మెటల్ డిటెక్టర్ ఒకటి సంపాదించి, ఓడలు మునిగాక బతికి బయటపడ్డవాళ్లు వేసుకున్న క్యాంపు జాడ పట్టేశాడు. ఇప్పుడు అక్కడే మెక్‌లార్టీ ట్రెజర్ మ్యూజియం ఉంది. చిన్నదే కానీ, అటు వెళ్తే వదలకండి. అందులో నాణేలు చూసి బయటికొచ్చాక ఎవరికైనా ఇసుక మీద నడవడం కాస్త కొత్తగా ఉంటుంది.

ఇక మన రెండు బ్యాచ్‌ల దగ్గరికి వద్దాం.

సరదా బ్యాచ్ సాయంత్రం ఐదింటికి వస్తుంది. చేతిలో రెండు మూడు వందల డాలర్ల మెషీన్, ఇంకో చేతిలో ప్లాస్టిక్ పార. టవల్స్ పరుచుకుని కూర్చునే పొడి ఇసుకలో అటూ ఇటూ తిప్పుతుంది. ఓ డాలరున్నర చిల్లర, నాలుగు సీసా మూతలు, ఒక బొమ్మ కారు దొరుకుతాయి. హ్యాపీగా ఐస్‌క్రీమ్ తిని ఇంటికెళ్లిపోతుంది.

సీరియస్ బ్యాచ్ ముందు ఆటుపోట్ల టైమ్ టేబుల్ చూస్తుంది. సముద్రం బాగా వెనక్కి తగ్గే టైమ్‌కి, అది తెల్లవారుజాము నాలుగైనా సరే, తడి ఇసుకలో ఉంటుంది. చలికాలంలో ఈశాన్యం నుంచి గట్టిగాలులు వీచి, అలలు తీరాన్ని కోసేసినప్పుడు వీళ్లకి పండగ. మీటరు ఎత్తు ఇసుక ఒక్క రాత్రిలో కొట్టుకుపోతే, కింద పాత పొర బయటపడుతుంది. 2022 నవంబర్ 10న నికోల్ తుపాను వెరో బీచ్‌కి దక్షిణాన తీరం దాటింది. అలాంటి రోజుల తర్వాత మనమంతా కరెంటు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే, వీళ్లు ఇసుక ఎక్కడ తెగిందా అని చూస్తుంటారు.

మెషీన్‌లోనూ తేడా ఉంది. డిటెక్టర్ చుట్ట నుంచి అయస్కాంత క్షేత్రం భూమిలోకి వెళ్తుంది. లోహం తగిలితే అందులో చిన్న కరెంటు పుట్టి, తిరిగి సిగ్నల్ ఇస్తుంది. అది ఎంత ఆలస్యంగా వచ్చిందో కొలిచి మెషీన్ ఒక నంబర్ చూపిస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఉప్పునీటితో తడిసిన ఇసుక కూడా కరెంటును మోస్తుంది. ఒక్క ఫ్రీక్వెన్సీతో పనిచేసే చవక మెషీన్ అక్కడ ఏమీ లేకపోయినా కూస్తూనే ఉంటుంది. అందుకే సీరియస్ వాళ్లు ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడే మెషీన్లు కొంటారు. లేదంటే పల్స్ ఇండక్షన్ రకం. ఈ రెండోది ఉప్పును పెద్దగా పట్టించుకోదు, లోతుగా చూస్తుంది. కాకపోతే మేకుకీ ఉంగరానికీ తేడా సరిగ్గా చెప్పలేదు. మోగిన ప్రతిచోటా తవ్వాల్సిందే.

అసలు మెలిక ఇంకొకటుంది. కూల్‌డ్రింక్ డబ్బా మీద లాగే అల్యూమినియం రింగు, సన్నటి బంగారు ఉంగరం దాదాపు ఒకే నంబర్ చూపిస్తాయి. చెత్త తవ్వలేక సరదా బ్యాచ్ ఆ నంబర్లు వినిపించకుండా ఫిల్టర్ పెట్టుకుంటుంది. దాంతో బంగారం కూడా వినపడదు. మన ఫీల్డ్ భాషలో చెప్పాలంటే, తప్పుడు అలారాలు అసలు వద్దనుకుంటే అసలైన అలారం కూడా మోగదు. సీరియస్ మనిషి వంద రింగులు తవ్వుతాడు. నూట ఒకటోది ఉంగరం కావచ్చు, కాకపోవచ్చు.

ఈ తేడా నాకు పూర్తిగా అర్థమైంది పోయిన మార్చిలో. టాంపా నుంచి వచ్చిన కొత్త జంట, మనవాళ్లే. మోకాలి లోతు నీళ్లలో బంతాట ఆడుతుంటే అబ్బాయి వేలి ఉంగరం జారిపోయింది. పెళ్లిలో మామగారు పెట్టింది. నా చేతిలో మెషీన్ చూసి ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "అన్నా, తెలుగువాళ్లేనా? కాస్త చూస్తారా, ప్లీజ్. నాన్నకి ఏం చెప్పాలో తెలీట్లేదు" అంది. నా మెషీన్ తడి ఇసుక మీద పెడితే ఒకటే గోల. అదే చెప్పి, కొంచెం దూరంలో నీళ్లలో వెతుకుతున్న పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. రిటైరైన ప్లంబర్. అప్పుడప్పుడూ కనబడితే పలకరించుకుంటాం.

ఆయన మెషీన్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. ఎన్ని గంటలకి పోయింది? అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయి? మీరు నిలబడ్డప్పుడు ఒడ్డున ఎదురుగా ఏం కనిపించింది? నీలం గొడుగు అన్నాడు అబ్బాయి. పెద్దాయన గొడుగు నుంచి నీళ్ల వైపు కాలితో గీత గీసి, దానికి అటూ ఇటూ పదేసి అడుగులు లెక్కపెట్టి, పొలం దున్నినట్టు వరసగా నడిచాడు. పొడవాటి కర్ర ఉన్న స్టీలు జల్లెడతో ప్రతి సిగ్నలూ తవ్వాడు. రెండు గాలం సీసం గుళ్లు రాగానే మొహం వెలిగింది. "బరువైనవన్నీ ఇక్కడే ఆగుతున్నాయి" అన్నాడు. యాభై నిమిషాల తర్వాత జల్లెడలో ఉంగరం మెరిసింది.

అబ్బాయి పర్సు తీయబోతే వద్దన్నాడు. ఆ అమ్మాయి వంగి కాళ్లకి దణ్ణం పెట్టబోతే మాత్రం ఆయనకి ఏం చేయాలో తోచలేదు. తర్వాత నన్ను పిలిచి చూపించింది ఉంగరం కాదు, తన ఫోన్‌లో మ్యాప్. ఎక్కడెక్కడ వెతికేశాడో అందులో గుర్తులున్నాయి. "ఏం దొరికిందో అందరూ రాసుకుంటారు. ఏమీ దొరకని చోటు కూడా రాసుకోవాలి" అన్నాడు.

ఆయన్ని చూశాక నాకు సీరియస్ అంటే ఖరీదైన మెషీన్ కాదనిపించింది. ఆ పేరుతో తప్పుచేసేవాళ్లూ ఉన్నారు. దిబ్బల మీద తవ్వేవాళ్లు, గుంతలు అలాగే వదిలేసేవాళ్లు. ఈ తీరంలో మార్చి 1 నుంచి అక్టోబర్ 31 వరకు సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్. పూడ్చని గుంతలో పడిన తాబేలు పిల్ల సముద్రం చేరలేదు. మునిగిన ఓడల దగ్గర నీళ్లలో వెతకడం కూడా అందరికీ కుదరదు. ఆ హక్కు కోర్టు ద్వారా ఒక సంస్థకి ఉంది. దొరికినవాటిలో 20 శాతం దాకా రాష్ట్రం మ్యూజియంల కోసం తీసుకోవచ్చు. ఇక ఎవరో పోగొట్టుకున్న వస్తువు బీచ్‌లో మీకు దొరికితే అది మీది కాదు. ఫ్లోరిడా చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాలి.

మాది కాకినాడ. అందుకే ఈ మాటలన్నీ వింటే నాకు ఉప్పాడ గుర్తొస్తుంది. 2020 నవంబర్‌లో నివర్ తుపాను తర్వాత అక్కడి తీరంలో బంగారు రేణువులు దొరుకుతున్నాయని జనం ఎగబడ్డారు, వార్తల్లో చూసే ఉంటారు. అక్కడ మెషీన్లు లేవు. దువ్వెనలు, పుల్లలు, చేతివేళ్లు. ఆ బంగారం ఏ నిధుల ఓడదీ కాదని, సముద్రం మింగేసిన ఇళ్లదీ గుళ్లదీ అని ఊళ్లోవాళ్లు చెబుతారు. అలా వెతికేవాళ్లలో సరదా బ్యాచ్ ఎవరు, సీరియస్ బ్యాచ్ ఎవరు? ఆ లెక్క ఆదివారం తీరిక ఉన్నవాళ్లకే. తుపానుకి వేట ఆగిపోయిన ఇంట్లో, వేలికి అంటిన రేణువు ఆ పూట కూర ఖర్చు.

మన దగ్గర మెషీన్ తెప్పించుకుని మొదలుపెట్టాలనుకుంటే ఒక్క సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. పది రూపాయలే, పొరపాటున చదవలేదు.

నేను ఇప్పటికీ సరదా బ్యాచే. నాలుగింటికి లేవడం నా వల్ల కాదు. కానీ రెండు అలవాట్లు పెద్దాయన దగ్గర తీసుకున్నాను. వెతికిన చోటు ఫోన్‌లో గుర్తుపెడతాను. లేచేముందు గుంత పూడుస్తాను. సీసా మూతలైతే జేబు నిండా వస్తూనే ఉన్నాయి.