ఘటోత్కచుడి తొడ ఎముక

ఘటోత్కచుడు చూస్తుండగానే కొండంత పెరుగుతాడు కదా, మరి బరువు సంగతేమిటి? నవ్వకండి. మాయలూ మంత్రాలూ ఉన్న లోకాన్ని కట్టడానికి కూర్చున్నవాళ్లు ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

6 అడుగుల మనిషిని 60 అడుగులు చేశామనుకోండి. పొడవు, వెడల్పు, మందం అన్నీ 10 రెట్లు. బరువేమో 1000 రెట్లు. దాన్ని మోసే తొడ ఎముకని అడ్డంగా కోస్తే కనబడే వైశాల్యం మాత్రం 100 రెట్లే. అంటే ఎముక మీద భారం పదింతలైంది. ఈ సూత్రం గెలీలియో 1638 నాటి పుస్తకంలోనే ఉంది. జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో ఒక వ్యాసంలో దీన్నే ఎత్తుకుని, మనిషి తొడ ఎముక దాదాపు పదింతల బరువుకి విరుగుతుంది కాబట్టి 60 అడుగుల రాక్షసుడు అడుగేస్తే చాలు, కాలు విరుగుతుందని తేల్చేశాడు. ఆ హాల్డేన్ మన దేశానికి వచ్చి స్థిరపడింది 1957లో. ‘మాయాబజార్’ విడుదలైందీ ఆ ఏడే. అందులో ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావుని తెరమీద చూసుంటే ఏమనేవాడో!

నన్నడిగితే ఏమీ అనకూడదు. ఒళ్లు పెరగడం మాయ అయినప్పుడు ఎముకల బలాన్నీ ఆ మాయ ఖాతాలోనే రాసేయొచ్చు. ఆ మాత్రం అప్పు పాఠకుడు ఏ కథకుడికైనా ఇస్తాడు. పేజీకోసారి చెయ్యి చాపితేనే విసుక్కుంటాడు.

మహాభారతం ఈ పని ఎంత నేర్పుగా చేసిందో చూడండి. ద్రోణపర్వంలో రాత్రి యుద్ధం. రాక్షసులకి చీకట్లో బలం ఎక్కువ, అదొక షరతు. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది గానీ ఒక్కసారే పనిచేస్తుంది, అది ఇంకో షరతు. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని గత్యంతరం లేక భీముడి కొడుకు మీద వేశాడు. ప్రాణం పోతూ ఘటోత్కచుడు ఏం చేశాడు? ఒళ్లు పెంచి కౌరవసేన మీద పడ్డాడు. ఒక అక్షౌహిణి నలిగిపోయింది. పెరగడం వరకే మాయ, చంపింది బరువు! అస్త్రాల మీద అస్త్రాలు కురిసిన ఆ రాత్రి చివరికి పెద్ద వస్తువొకటి కింద పడింది, అంతే. నాకు ఆ ఘట్టం అందుకే ఇష్టం.

ఇప్పటివాళ్లలో ఈ కిటుకు బాగా పట్టుకున్నది అమెరికా రచయిత బ్రాండన్ శాండర్సన్. 2006లో వచ్చిన ‘మిస్ట్‌బోర్న్’ నవలలో కొందరు ఉక్కు రజను మింగి, చెయ్యి తగలకుండానే దగ్గర్లోని లోహాన్ని నెట్టగలరు. అదీ మాయ. కానీ న్యూటన్ మూడో సూత్రానికి సెలవివ్వలేదు. ఎంత గట్టిగా నెడితే అంత గట్టిగా వెనక్కి తోపు తగులుతుంది. గాల్లోకి విసిరిన నాణేన్ని నెడితే అది తూటాలా దూసుకుపోతుంది. అదే నాణెం నేలకి ఆనుకుని ఉంటే కదలదు, నెట్టినవాడే పైకి లేస్తాడు. ఇంక ఎగరడానికి వేరే మంత్రం దేనికి? జేబులో చిల్లర ఉంటే చాలు. ఈ లెక్కన మన ఘటోత్కచుడు లడ్డూలని నోట్లోకి లాక్కుంటే పేచీ లేదు, లడ్డూ తేలిక. కొండని లాగబోతే మాత్రం తనే వెళ్లి కొండకి గుద్దుకోవాలి.

ఇక్కడ కొందరు హుషారెక్కి, పురాణాల్లోనే ఐన్‌స్టీన్ ఉన్నాడంటారు. కకుద్మి మహారాజు కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లి, పాట అయ్యేదాకా ఆగి, వరుడి మాట ఎత్తేసరికి భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయాయి కదా అంటారు. అది సాపేక్ష సిద్ధాంతం కాదండీ, గొప్ప ఊహ. ఊహ తెచ్చిన చిక్కుని కథ గాలికి వదిలెయ్యలేదు, అదీ గొప్ప. పాత యుగపు పిల్ల కనక రేవతి మరీ పొడుగు. బలరాముడు నాగలి కొనతో ఆమెని పొట్టి చేసుకోవలసి వచ్చింది. కథకుడికి పనికొచ్చేది ఐన్‌స్టీన్ కాదు, ఆ నాగలి.

కొత్తగా ఇలాంటి కథలు రాస్తున్నవాళ్లకి ఒక్క మనవి. మీ కుర్రాణ్ణి తివాచీ మీద ఎగరెయ్యండి, ఎవరొద్దన్నారు? కాకపోతే పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకి సుమారు 6.5 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. మూడు కిలోమీటర్ల ఎత్తుకి పంపేటట్టయితే వాడికో కంబళి ఇచ్చి పంపండి.