మందుల పేళ్లు, మన మాటలు

హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున చదివిన మన పిల్లలలో కొందఱు ప్లస్ టూ ముగించి, రెండేండ్ల ఫార్మసీ డిప్లొమాలో చేరుచున్నారు. సెలవులకు వచ్చినపుడు పుస్తకములు చూపి, "అయ్యవారూ, ఈ పేళ్లు నోరు తిరుగుట లేదు, ఎట్లు గుర్తుంచుకొనవలెను?" అని అడుగుదురు. భాషాబోధకులమగు మాకు మందులతో పని యేమని తప్పించుకొనవచ్చును. కాని పేళ్లును మాటలే కదా!

ఆ పుస్తకములను తిరుగవేసి చూచితిమి. వ్యాకరణమున ప్రత్యయములున్నట్లే, మందుల పేళ్లకును తుదియక్షరములను బట్టి కుటుంబము తెలియును. ఎనలాప్రిల్, రామిప్రిల్ మొదలగునవి రక్తనాళములను బిగించు ఒక పదార్థము శరీరమున పుట్టకుండ అడ్డుకొని రక్తపుపోటును తగ్గించును. అటెనొలాల్, మెటొప్రొలాల్ గుండె పరుగును నెమ్మదింపజేయును. అటోర్వాస్టాటిన్ వంటివి కాలేయము కొలెస్టరాలును తయారుచేయుటను తగ్గించును. ఐతే నిస్టాటిన్ అను మందొకటి కలదు. అది కొలెస్టరాలు జోలికి పోదు, బూజుజాతి క్రిములను చంపును. వ్యాకరణమున 'బహుళము' అన్నచోట పిల్లలెంత విసుగుకొందురో, ఇచ్చటను అంతే!

పాంటొప్రజోల్ భోజనమునకు ముందు, మెట్‌ఫార్మిన్ భోజనముతో అని కంఠస్థము చేయుట సులభమే. ఏల యని తెలిసినవాడు మాత్రము మఱువడు. అన్నము తినగానే కడుపులో ఆమ్లమును పుట్టించు యంత్రములు పనికి పూనుకొనును. అప్పటికే మొదటి మందు రక్తమున చేరి సిద్ధముగా నుండవలెను. రెండవదానిని వట్టి కడుపున మ్రింగిన వికారము కలుగును.

అన్నిటికంటె మా మనస్సున నాటుకొన్నది మెథొట్రెక్సేట్. దీని వెనుక తెలుగువాని కృషి కలదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము లెడర్లే పరిశోధనాలయమున 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధపఱచెను. కణములు విభజింపబడుటకు ఆ ఆమ్లము కావలెను. దానిని పోలిన రూపముతో కణమును మోసగించి ఆ పనిని నిలుపునదే మెథొట్రెక్సేట్. అదియు ఆ పరిశోధనాలయముననే పుట్టినది. క్యాన్సరునకు పెద్ద మోతాదులలో వాడు ఈ మందును కీళ్లవాతమునకు చిన్న మోతాదులో, వారమునకు ఒక్కసారి మాత్రమే ఇత్తురు. నొప్పి తగ్గునని దినదినము మ్రింగినచో నోరు పుండ్లు పడును, ఎముకలలోని మూలుగ రక్తకణములను పుట్టించుట మానును, ప్రాణమే పోవచ్చును. ఆ కీడును కొంత తగ్గించుటకే వేఱొక దినమున ఫోలిక్ ఆమ్లపు బిళ్లను వ్రాయుదురు. రెండును చిన్న పసుపు బిళ్లలుగా నుండుట కలదు!

డబ్బాపై అచ్చైన 'వీక్లీ' అను మాట మన అవ్వలకు ఏమి చెప్పును? అంగడిలో రద్దీ; ఏ భాషలోనో తొందరగా ఒక మాట చెప్పి పొట్లము చేతనిడుదురు. ఆమె తలయూపి ఇంటికి పోవును.

అందుచే ఆ విద్యార్థులకు మేమొక అభ్యాసము పెట్టితిమి: ప్రతి మందునకును, అది చేయు పనియు, పుచ్చుకొను వేళయు, చేయరానిదియు తెలుగున వ్రాయవలెను, 'ఫోలేటు ప్రతిరోధకము' వంటి మాటలకు మార్కులు లేవు. ఒక బాలిక ఇట్లు వ్రాసినది: "అవ్వా, ఇది డాక్టరు చెప్పిన సోమవారం మాత్రమే వేసుకో. మంగళవారం నొప్పి ఎంతున్నా దీన్ని ముట్టొద్దు. నోట్లో పుండ్లు పడితే ఆ రోజే వచ్చి చెప్పు." గ్రాంథికము కాదు. ఐనను ఎఱ్ఱసిరా కలము మూత తీయలేదు.